చెమట నుంచి నెత్తురు దాకా: మంత్రాల కథకు లీడ్ ఎలా వేస్తారు

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. పటమటలో మా అక్కావాళ్ళ ఫ్లాట్‌లో కర్టెన్లన్నీ మూసేసి, కూలర్‌లో ఐసుముక్కలు వేసి, టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద ఇద్దరమ్మాయిలు కొయ్యతో కట్టిన జైలుగదిలో ఉన్నారు. ఒకమ్మాయి మట్టినీ రాయినీ కదిలించగలదు, గదిలో ఇసుక రేణువు కూడా లేదు. రెండో అమ్మాయి నీళ్ళను కదిలించగలదు, గదిలో గుక్కెడు నీళ్ళు లేవు. ఆ రెండో పిల్ల కాసేపు ఆలోచించి, ఉన్నచోటే పరిగెత్తడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెమట పట్టింది. ఆ చెమటనే కత్తివాదరలా తిప్పి కొయ్య ఊచల్ని కోసేసింది.

మా అక్క కూతురు చిన్ని తొమ్మిదో తరగతి. పచ్చిమామిడి ముక్క ఉప్పుకారంలో అద్దుకుంటూ, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది: "మావయ్యా, చెమటని లాగగలిగితే నెత్తుర్ని కూడా లాగొచ్చుగా?"

నేను ఆ సిరీస్ అంతకుముందే చూశాను. మొహంలో ఏం బయటపడుతుందోనని మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. తర్వాతి ఎపిసోడ్ మొత్తం నడిచేది ఆ ప్రశ్న మీదే మరి.

సిరీస్ పేరు 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'. మైకెల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కొనీట్జ్‌కో అనే ఇద్దరు సృష్టించారు. అమెరికాలో నికెలోడియన్ చానెల్లో 2005 ఫిబ్రవరి నుంచి 2008 జూలై వరకు వచ్చింది. మొత్తం 61 ఎపిసోడ్లు, మూడు సీజన్లు. సీజన్‌ని వాళ్ళు 'బుక్' అంటారు: నీరు, భూమి, నిప్పు. ఇంకా చూడనివాళ్ళు, చూద్దామనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవడం మంచిది. ఇక్కడి నుంచి నేను దాచేదేమీ లేదు.

చిన్ని ప్రశ్న నన్ను ఎందుకు పట్టుకుందంటే, ఆ పిల్లకి ఎవరూ ఏ సూచనా ఇవ్వలేదు. చీకట్లో పిల్లి అరవలేదు, ముసలివాడొచ్చి జోస్యం చెప్పలేదు. ఒక నవ్వులాటలాంటి సీన్ చూసి, అందులోని నియమాన్ని పట్టుకుని, దాన్ని ఒక్క మెట్టు ముందుకి తోసింది. రచయితలు వారం తర్వాత చెప్పబోయేది తనే చెప్పేసింది. మంత్రాలున్న కథల్లో ముందస్తు సూచన ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మా ఇంట్లో దీనికి 'లీడ్' అని పేరు. నాన్న గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. ప్రివ్యూ చూసొచ్చిన రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ సినిమా భవిష్యత్తుని ఒక్క ముక్కలో తేల్చేసేవారు: "సెకండాఫ్‌కి లీడ్ లేదురా." అంటే హీరో క్లైమాక్సులో ఏదో చేస్తాడు, అతనికది వచ్చని ముందు చూపించలేదు, జనం ఒప్పుకోరు అని. సినిమావాళ్ళకి ఈ మాట రాకముందే మన లాక్షణికులు దీనికి బోలెడు పేర్లు పెట్టుకున్నారు. మొదట్లో కొంచెంగా చల్లి, పోనుపోను విస్తరించి, చివర్లో ఫలించేదాన్ని 'బీజం' అన్నారు. ఒక ఉద్దేశంతో అన్న మాట, జరగబోయే ఇంకో సంగతికి తగలడాన్ని 'పతాకాస్థానకం' అన్నారు. నాకు మాత్రం నాన్న మాటే నోటికొస్తుంది.

మామూలు కథలో లీడ్ వేయడం ఒక సంగతి, మంత్రాల కథలో వేయడం ఇంకో సంగతి. మామూలు కథలో మనిషి ఏం చేయగలడో ప్రేక్షకుడికి ఎలాగూ తెలుసు. మూడో అంతస్తు నుంచి దూకితే కాలు విరుగుతుందని ఎవరూ నేర్పక్కర్లేదు. మంత్రాల కథలో మాత్రం ఏం జరగొచ్చో, ఏం జరగకూడదో రచయితే నేర్పాలి. అది నేర్పకుండా మంత్రం వాడితే పేకాటలో పదమూడు ముక్కలూ జోకర్లే పడినట్టు. గెలవడమైతే గెలుస్తాడు, చూసేవాడికి మజా ఏముంది? బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికన్ ఫాంటసీ రచయిత 2007లో దీన్నే ఒక సూత్రంగా చెప్పాడు: పాఠకుడికి మంత్రం ఎంత అర్థమైతే, ఆ మంత్రంతో కథలో చిక్కుముడి విప్పడానికి రచయితకి అంత హక్కుంటుందని.

అందుకే నా లెక్కలో మంత్రాల కథకి అసలైన లీడ్ అంటే నియమం. జరగబోయే సంఘటనని కాస్త ముందుగా తొంగి చూపించడం చిల్లర పని. ఎవరూ పట్టించుకోని పూట నియమాన్ని చెవిలో వేసేసి, సంఘటనని ఆ నియమం చేతే పుట్టించడం అసలు పని.

ఇంతకీ ఈ లోకం నియమాలేంటి? కొందరు మనుషులు పుట్టుకతో పంచభూతాల్లో ఒకదాన్ని కదిలించగలరు. దాన్ని 'బెండింగ్' అంటారు. నీరు, భూమి, నిప్పు, గాలి. ("నాలుగేనా? ఆకాశం ఏమైంది?" అని నాన్న మొదటి రోజే అభ్యంతరం పెట్టారు.) ఒక మనిషికి ఒకటే. నాలుగూ వచ్చేది అవతార్ ఒక్కడికే, అతను చనిపోతే మళ్ళీ పుడతాడు. ఇప్పటి అవతార్ పేరు ఆంగ్, పన్నెండేళ్ళవాడు, నూరేళ్ళు మంచుగడ్డలో ఇరుక్కుపోయి బయటపడ్డాడు. బెండింగ్ చేయాలంటే చేతులూ కాళ్ళూ కదలాలి. నీటికి తై చీ, భూమికి హుంగ్ గార్, నిప్పుకి ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వా అని నాలుగు చైనా యుద్ధవిద్యల్ని ఆధారం చేసుకుని ఆ కదలికలు గీశారు. కాబట్టి చేతులు కట్టేస్తే సగం మంత్రం పోయినట్టే. ఇది కూడా నియమమే, ఎక్కడా బోర్డు పెట్టి చెప్పరు.

అన్నిటికంటే ముఖ్యమైంది, బెండర్ దేన్నీ పుట్టించలేడు. మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నా ఒక్క చుక్క నీళ్ళు పుట్టించలేదు. పైనుంచి వచ్చినదాన్ని ఆపగలదు, వదలగలదు, కాలవల్లోకి మళ్ళించగలదు. నీటిబెండరూ అంతే. చుట్టుపక్కల నీళ్ళుంటేనే అతని ప్రతాపం. ఒక్క నిప్పువాళ్ళకే మినహాయింపు, వాళ్ళ ఊపిరిలోంచే మంట వస్తుంది. ఈ ఒక్క తేడా చాలు, నిప్పురాజ్యం మిగతా ప్రపంచం మీదికి ఎందుకు దండెత్తగలిగిందో అర్థం కావడానికి. సరంజామా మోసుకెళ్ళక్కర్లేని సైన్యం కదా.

ఇప్పుడు చిన్ని ప్రశ్నకి వద్దాం. చెమటతో ఊచలు కోసిన ఆ పిల్ల పేరు కటారా, నీటిబెండర్. నడుముకి తోలుసంచిలో నీళ్ళు కట్టుకుని తిరుగుతుంది, ఎందుకంటే నీళ్ళు లేనిచోట తను మామూలు ఆడపిల్ల. రెండో బుక్ నాలుగో ఎపిసోడ్‌లో ఆంగ్, కటారా వాళ్ళంతా ఒక చిత్తడి అడవిలో చిక్కుకుంటారు. తీగలతో చేసిన పెద్ద భూతమొకటి వెంటపడుతుంది. తీరా చూస్తే లోపల బానపొట్ట మనిషి ఒకడు, ఆకులు చుట్టుకుని. తీగల్ని ఎలా కదిలిస్తున్నావంటే, తీగల్లో నీళ్ళుంటాయిగా అంటాడు. అందరం నవ్వుకుని ముందుకి పోతాం. ఆ ఎపిసోడ్‌లో మన దృష్టంతా అడవి చూపించే భ్రమల మీద ఉంటుంది. ఈ మాట పక్కనుంచి జారిపోతుంది.

తర్వాత చాలా ఎపిసోడ్ల దాకా ఆ ఊసే ఉండదు. మూడో బుక్ ఏడో ఎపిసోడ్‌లో చెమట వస్తుంది. అదీ నవ్వులాటే, పక్కనున్న పిల్ల కంపు కొడుతున్నావని వెక్కిరిస్తుంది కూడా. ఎనిమిదో ఎపిసోడ్‌లో హామా అనే ముసలావిడ కనిపిస్తుంది. కటారా పుట్టిన దక్షిణ నీటితెగ మనిషే, శత్రుదేశంలో పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంటుంది. గాలిలోని తేమని లాగి వేళ్ళకి మంచుగోళ్ళు చేసుకోవడం చూపిస్తుంది. ఒక పొలంలో ఎర్రటి పూలమధ్య నిలబడి ఒక్క విసురుకి పూలలోని నీరంతా లాగేస్తుంది. పూలు నల్లబడి వాడిపోతాయి. అయ్యో పూలు అంటుంది కటారా. పూలేగా అంటుంది ముసలావిడ.

ఈ ఒక్క సీన్ దగ్గర నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. నియమానికి సంబంధించి ఇందులో కొత్తేమీ లేదు. తీగల్లో నీళ్ళున్నాయని ముందే విన్నాం, ఇక్కడ పూలు. కొత్తది ఏంటంటే వెల. చిత్తడి అడవి మనిషి తీగని కదిలించి ఊరుకున్నాడు, తీగ బతికే ఉంది. హామా లాగినప్పుడు పువ్వు చచ్చిపోయింది. అదే నియమం, అదే చెయ్యి, మనిషి వేరు. ఆ పూలు వాడిపోవడం చూశాక చిన్ని నమలడం ఆపేసింది.

ఆ రాత్రి పౌర్ణమి. ఊళ్ళో మనుషులు మాయమవుతున్నది పౌర్ణమి రాత్రులే అని అప్పటికే విన్నాం. చంద్రుడి వల్ల నీటిబెండర్ల బలం పెరుగుతుందని మొదటి బుక్ చివర్లోనే నేర్చుకున్నాం. హామా తన జైలు కథ చెబుతుంది. నీటిబెండర్లని బోనుల్లో వేలాడదీసి, గదుల్లోకి పొడిగాలి పంపి, తాగే నీళ్ళు ఇచ్చేటప్పుడు కాళ్ళూచేతులూ కట్టేసి ఏళ్ళ తరబడి ఉంచారట. అంతా నియమాల ప్రకారమే కట్టిన జైలు. చుక్క నీరు చేతికి అందకూడదు. కానీ ఒళ్ళంటే తోలుతిత్తి, లోపలంతా నీళ్ళేనని ఆవిడకి తట్టింది. పౌర్ణమి పౌర్ణమికి బోనులోకి వచ్చే ఎలుకల మీద సాధన చేసి, చివరికి కాపలావాడి ఒంట్లోని నెత్తుర్ని వంచి, వాడి చేతే తలుపు తీయించుకుంది.

తీగ, చెమట, పువ్వు, ఎలుక, మనిషి. ఒక్క మెట్టు కూడా దాటవేయలేదు. పిల్లల చానెల్లో రావాల్సింది కాదనిపించేంత భయంకరమైన మంత్రం, దాన్ని మంత్రంలా కాకుండా లెక్కలా మన ముందు పెట్టారు. ఎపిసోడ్ చివర్లో కటారా తనవాళ్ళని కాపాడుకోవడానికి అదే విద్య ముసలావిడ మీద వాడాల్సి వస్తుంది. గెలిచాక ఏడుస్తుంది. కొన్ని ఎపిసోడ్ల తర్వాత, తల్లిని చంపినవాడు వీడేననుకుని ఒకడి మీద మళ్ళీ వాడుతుంది; తీరా వాడు వీడు కాదు.

చిన్ని ఆ రాత్రి వాళ్ళమ్మ దగ్గర పడుకుంది. నన్ను మాత్రం "నేను ముందే చెప్పానా లేదా" అని మూడుసార్లు అడిగింది.

లీడ్ పట్టేశాక మజా పోతుందని కొందరంటారు. నా అనుభవంలో అది సగమే నిజం. ట్విస్టు మీదే బతికే కథకి మజా పోతుంది. నియమం మీద నడిచే కథలో మాత్రం ముందే పట్టుకున్నవాడు భయంతో చూస్తాడు, పట్టుకోనివాడు ఆశ్చర్యంతో చూస్తాడు. ఇద్దరికీ గిట్టుబాటే.

ఇంకో పనితనం చూడండి. రెండో బుక్ మొదటి ఎపిసోడ్. ఆంగ్‌కి ప్రాణం మీదికొస్తే ఒంట్లో వెలుగు నిండి, వెనకటి అవతారాలన్నిటి శక్తీ ఒకేసారి వస్తుంది. దాన్ని 'అవతార్ స్టేట్' అంటారు. అప్పటిదాకా అది మన జోకర్ ముక్కే, ఎప్పుడు చిక్కు వచ్చినా అది దిగి కాపాడేస్తుంది. ఈ ఎపిసోడ్‌లో వెనకటి అవతార్ రోకు ఒక మాట చెబుతాడు: ఆ స్థితిలో ఉండగా నిన్ను చంపితే మళ్ళీ పుట్టడమే ఉండదు, అవతార్ పరంపర అక్కడితో ఆఖరు. జోకర్‌కి వెల కట్టేశారు. ఇదే ఎపిసోడ్‌లో, ఊరు విడిచి వెళ్తున్న కటారాకి గురువు ఒక చిన్న కుప్పెలో ఉత్తరధ్రువపు పవిత్ర కొలను నీళ్ళు ఇస్తాడు. సామాను సర్దుకునే హడావుడి సీన్. ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

అంటే రోగాన్నీ మందునీ ఒకే ఎపిసోడ్‌లో, ఒకదానికొకటి సంబంధం లేనట్టు పక్కపక్కన పెట్టి వెళ్ళిపోయారు. ఇరవయ్యో ఎపిసోడ్‌లో ఆంగ్ వెలిగిపోతూ గాల్లోకి లేచిన క్షణాన నిప్పురాజ్యం యువరాణి అజులా వెనకనుంచి పిడుగు వేస్తుంది. అంతకు కొద్దిసేపటి ముందే కటారా ఆ కుప్పె తీసి, శత్రువర్గం యువరాజు జూకో ముఖం మీది కాలిన మచ్చ మాన్పడానికి వాడబోయింది. మనకి కుప్పె గుర్తుచేయడం ఒకటి, అది దాదాపు ఖర్చైపోయేదే అన్న గుబులు పుట్టించడం రెండు. ఒక్క సీన్‌తో రెండు పనులు. నీళ్ళు మిగిలాయి, ఆంగ్ బతికాడు. ఇది అదృష్టమని ఎవరూ అనరు, ఎందుకంటే ఇరవై ఎపిసోడ్లుగా ఆ కుప్పె మన కళ్ళ ముందే ఉంది.

ఇలాంటి లెక్క మనకి కొత్తేం కాదు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది, ఒక్కసారే పనిచేస్తుంది. దానికి వెల అప్పటికే కట్టేశాడు, కవచకుండలాలు. అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడు సైన్యాన్ని ఊచకోత కోస్తుంటే వేరే దారిలేక అతని మీద వేశాడు. పాండవులంతా ఏడుస్తుంటే కృష్ణుడొక్కడు సంతోషించాడు. ఆయన ఎందుకు సంతోషించాడో అర్థమైందంటే మనకి నియమం గుర్తున్నట్టే. ఇక పరశురాముడి శాపం, బ్రాహ్మడి శాపం. ఒకటి అక్కరకొచ్చే వేళ అస్త్రం మరిచిపోతావని, ఇంకోటి రథచక్రాన్ని భూమి మింగుతుందని. రెండూ ఎప్పుడో విని పక్కన పెట్టినవి, పదిహేడో రోజున ఒకేసారి వచ్చి వసూలు చేసుకుంటాయి.

మా ఊరి ఇంద్రకీలాద్రి మీదే అర్జునుడు తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని మా నమ్మకం. విజయవాడ అన్న పేరూ ఆ విజయుడి వల్లేనని చెప్పుకుంటాం. కొండ మెట్లెక్కుతూ చిన్నప్పుడు నాన్నని అడిగాను, అంత పెద్ద అస్త్రం చేతిలో ఉంటే యుద్ధం పద్దెనిమిది రోజులు ఎందుకు పట్టిందని. శివుడు ఇచ్చేటప్పుడే షరతు పెట్టాడురా, తొందరపడి అల్పుల మీద వేస్తే లోకమే కాలిపోతుందని చెప్పాడు అన్నారు. అస్త్రం ఇచ్చే సీన్‌లోనే దాని చేతులు కట్టేశారన్నమాట.

నియమాన్ని పాటించడంలోనే కాదు, బద్దలు కొట్టడంలోనూ ఈ సిరీస్ ఒకచోట గొప్పగా పనిచేసింది. మట్టిబెండర్లు లోహాన్ని కదిలించలేరు. ఈ నియమాన్ని మొదటి బుక్ ఆరో ఎపిసోడ్‌లోనే చెప్పారు, అదీ జైలు రూపంలో: నడిసముద్రంలో లోహపు కట్టడం మీద మట్టిబెండర్లని పడేశారు. వాళ్ళు బయటపడింది బొగ్గుతో, బొగ్గు కూడా భూమే కాబట్టి. టాఫ్ అనే పిల్ల రెండో బుక్‌లో వస్తుంది. పుట్టుగుడ్డి. నేల అదురుని పాదాలతో పట్టి 'చూస్తుంది'. ఎడారి ఇసుకలో ఆమెకి అంతా మసక మసకగా కనిపిస్తుంది. ఎగిరే జంతువు మీద కూర్చుంటే మామూలు గుడ్డిపిల్లే. ఒకసారి పాదాలు కాలితే పూర్తిగా నిస్సహాయురాలు. శత్రువుల పెద్ద ఉక్కుయంత్రం లోపలికి రమ్మంటే నేను రాను పొమ్మంటుంది.

అదే పిల్లని పంతొమ్మిదో ఎపిసోడ్‌లో ఇనుపపెట్టెలో పెట్టి తీసుకుపోతుంటారు. ఆమె పెట్టెని తడుతుంది, వింటుంది. ఇంకోచోట గురువు పథిక్ ఆంగ్‌కి చెబుతుంటాడు, లోహమంటే శుద్ధిచేసిన భూమేనని. శుద్ధి ఎంత చేసినా లోపల ఎక్కడో మట్టి నలుసు మిగులుతుంది. ఆ నలుసు తగిలేది టాఫ్ చేతికే. కళ్ళున్న మట్టిబెండర్లు నూరేళ్ళుగా లోహాన్ని చూసి ఇది కాదులే అనుకుని ఊరుకున్నారు. ఈ పిల్ల చూడలేదు కాబట్టి వెతికింది. నియమం తప్పలేదు. 'లోహం భూమి కాదు' అని అందరూ అనుకున్నది తప్పు, అంతే.

గ్రహణం సంగతి త్వరగా చెప్పేస్తాను. నిప్పువాళ్ళకి సూర్యుడే ఆధారం. గ్రహణం పట్టిన 8 నిమిషాలూ వాళ్ళ నిప్పు ఆరిపోతుందని ఎడారిలో కూరుకుపోయిన ఒక గ్రంథాలయంలో తెలుస్తుంది. ఆ మాట విన్న నాన్న వెంటనే "మరి మన ఆవకాయ జాడీ మీద దర్భ వేయడం ఊరికేనా" అన్నారు. దండయాత్ర మొత్తం ఆ 8 నిమిషాల మీదే పెట్టుకుని వెళ్తారు, ఓడిపోతారు. నియమం నిజమే, కాకపోతే శత్రువుకీ తెలిసిపోయింది. లీడ్ వేసి, దాన్ని ఫలించనివ్వకుండా చేయడం కూడా ఒక విద్య.

ఇన్ని మెచ్చుకున్నాను కాబట్టి ఇప్పుడు తగువు. చివరి నాలుగు ఎపిసోడ్లు చూసేటప్పుడు నాన్న కూడా మాతో కూర్చున్నారు. ఆంగ్‌కి వచ్చిన ధర్మసంకటం, నిప్పురాజు ఓజాయ్‌ని చంపక తప్పదని అందరూ అంటున్నారు, సన్యాసుల దగ్గర పెరిగిన పిల్లవాడు చంపనంటున్నాడు. వెనకటి అవతారాల్ని ఒక్కొక్కర్నీ పిలిచి అడిగినా తిరకాసుగానో సూటిగానో చంపమనే చెప్పారు. కథ మంచి బిగువులో ఉంది. అంతలో సముద్రంలో దీవిలాంటి సింహపు తాబేలు వచ్చి, ఆంగ్ నుదుటి మీదా గుండె మీదా గోరు ఆనించి ఏదో ఇచ్చి వెళ్ళిపోతుంది. చివరి పోరులో ఆంగ్ ఓజాయ్‌ని చంపకుండా అతని బెండింగ్ శక్తినే తీసేస్తాడు.

"ఈ తాబేలు ఎప్పుడొచ్చింది?" అన్నారు నాన్న.

"లైబ్రరీ ఎపిసోడ్‌లో బొమ్మ చూపించారు తాతయ్యా" అంది చిన్ని. నిజమే. ఆ పాత గ్రంథాలయంలో ఆంగ్ ఒక బొమ్మ చూసి, ఈ సింహపు తాబేళ్ళు భలే వింతగా ఉన్నాయే అంటాడు.

"బొమ్మ చూపిస్తే లీడ్ అవుద్దా? బొమ్మ వాల్‌పోస్టర్ మీద కూడా ఉంటుంది."

చిన్ని ఊరుకోలేదు. ఒంట్లో నరాల మీద పొడిచి కాసేపు బెండింగ్ ఆపేసే అమ్మాయి ఉందిగా, రెండో బుక్ నుంచీ ఉంది. చక్రాల గురించి గురువు ఒక ఎపిసోడంతా చెప్పాడుగా. కాబట్టి శక్తి ఒంట్లో ప్రవహిస్తుందనీ, దాన్ని అడ్డుకోవచ్చనీ మనకి తెలుసుగా అని వాదించింది. వాదన బాగుంది. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం నాన్న పక్షమే. నరాల మీద పొడిస్తే కాసేపు ఆగుతుంది. శాశ్వతంగా తీసేయొచ్చని, ఒకరి ఒంట్లోంచి మరొకరు తీయొచ్చని అప్పటిదాకా ఎక్కడా లేదు. పైగా దీనికో ప్రమాదం కూడా ఉంది. తీసేవాడి మనసు చలించనిదై ఉండాలి, లేకపోతే వాడే నాశనమవుతాడు. చాలా మంచి నియమం, మంచి వెల. కానీ అది మన చెవిన పడేది పోరు ముగుస్తుండగా. ముక్కలు పంచేశాక, షో కొట్టబోతూ రూలు చెప్పినట్టు.

ఇక్కడే బొమ్మకీ నియమానికీ తేడా తెలిసొస్తుంది. చిత్తడి అడవి మనిషి ముఖం ఎవరికీ గుర్తుండదు, అతను చెప్పిన తీగల్లో నీళ్ళే పనికొచ్చాయి. తాబేలు ముఖం చక్కగా చూపించారు, అది చేయగల పని చూపించలేదు. ఆంగ్ వీపు మీది పిడుగు మచ్చకి రాయి తగిలి, ఆ పిడుగు దెబ్బకి మూసుకుపోయిన చక్రం సరిగ్గా అదే పోరులో తెరుచుకోవడం ఇంకో ఇబ్బంది. మచ్చకీ చక్రానికీ లీడ్ బాగానే ఉంది, రాయికే లేదు. అయినా చంపనని మొండికేసిన ఆ పిల్లవాడి గుణానికి మొదటి ఎపిసోడ్ల నుంచీ లీడ్ ఉంది కాబట్టి, కళ్ళు చెమర్చడం మాత్రం ఆగలేదు. నాన్నకి కూడా. ఒప్పుకోరు, అంతే.

దసరా సెలవుల్లో చిన్ని మళ్ళీ మొదటినుంచీ చూడటం మొదలుపెట్టింది. ఈసారి నోట్‌బుక్ పక్కన పెట్టుకుని. మొదటి బుక్ తొమ్మిదో ఎపిసోడ్‌లో జూకో బాబాయి... కాదు, పెదనాన్న ఐరో, ఆటబిళ్ళ ఒకటి పోయిందని ఓడనే దారి మళ్ళిస్తాడు. సంతంతా తిరిగి చెత్తా చెదారం కొంటాడు. చివరికి ఆ తామరపువ్వు బిళ్ళ అతని చొక్కా చేతిలోపలే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మేం పడీపడీ నవ్విన సీన్. రెండో బుక్‌లో తెలుస్తుంది, అది రహస్య సంఘం గుర్తని, చదరంగం లాంటి ఆ ఆటలో ఆ బిళ్ళని పెట్టే చోటే వాళ్ళ సంకేతమని. ఈసారి చిన్ని నవ్వలేదు. నోట్‌బుక్‌లో గుండ్రంగా ఒక పువ్వు గీసింది.

మూడురోజుల తర్వాత, రాత్రి పదింటికి ఫోను. మొదటి బుక్ చివరి ఎపిసోడ్లలో ఉందట. జావో అనే సేనాని, చంద్రుడి రహస్యం తనకెలా తెలిసిందో గొప్పలు పోతుంటాడు. వయసులో ఉన్నప్పుడు నేల కింద దాగిన ఒక గ్రంథాలయంలో దొరికిందంటాడు.

"మావయ్యా, నేల కింద! లైబ్రరీ! అంటే ఆ ఎడారిదేగా? అక్కడ నిప్పురాజ్యం పుస్తకాలు కాల్చేసింది వీడేగా?"

నేను జవాబు చెప్పేలోపే వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. "ఏదీ, ఆ ముక్క మళ్ళీ వెయ్యి."